మూల లేని కవరు

ముందు మూల కత్తిరించాలి. ఉత్తరం సంగతి తర్వాత.

బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో నేను కూర్చున్న సీటుకు ఇదీ మొదటి రూలు. నిజం చెప్పొద్దూ, ఉన్న రూలు ఇదొక్కటే. పొద్దున పదకొండింటికి టపా సంచీ వచ్చేది. కవర్లన్నీ బల్ల మీద గుమ్మరించి, స్టాంపున్న మూల నా కుడిచేతి వైపు వచ్చేలా వరసగా పరుచుకునేదాన్ని. స్టాంపు చుట్టూ వేలెడు జాగా వదిలి, కవరు ముందు వెనక రెండు పొరలూ కలిపి కత్తెర వేసేదాన్ని. మూలలన్నీ స్టీలు బేసిన్లో పడ్డాక, అప్పుడు కవర్లు విప్పడం, ఉత్తరాలు తీయడం, తారీఖు వేసి రిజిస్టర్లో ఎక్కించడం. లోపల పెద్ద ఆర్డరే ఉండనీ, ఎవరి చావుకబురే ఉండనీ, అది ఆగాల్సిందే. స్టాంపు మాత్రం ఆగదు.

మా జి.ఎం. సార్‌కు స్టాంపుల పిచ్చి. కోస్తా వైపు మనిషి. తెల్ల చొక్కా, మడత నలగని ప్యాంటు, ఎప్పుడూ గొంతు పెంచని మాట. మూడు షిఫ్టుల వాళ్లకూ ఆయనంటే హడల్. అంతటి మనిషీ విదేశీ కవరు చేతికొస్తే చంటిపిల్లాడైపోయేవాడు. మా సరుకు బయటి దేశాలకు పోయేది కనుక జర్మనీ, హంగరీ, బ్రెజిల్, ఎక్కడెక్కడి ఉత్తరాలో వచ్చేవి. నాకు ముందున్న గుమాస్తా ఒకరోజు తొందరలో ఒక కవరును సరిగ్గా స్టాంపు మీదుగా చించేశాడట. సార్ ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదట. మర్నాటి నుంచి ఆ గుమాస్తా గోడౌన్లో డ్రమ్ముల మీద నెంబర్లు వేస్తూ బతికాడు. ఆ రూలు అప్పుడు పుట్టిందే.

నేను ఈ సీటు కోసం కంపెనీలో చేరలేదు. సంగారెడ్డిలో డిగ్రీ చదివాను, కెమిస్ట్రీ. మా ఊరి ఆడపిల్లల్లో డిగ్రీ దాకా పోయినదాన్ని నేనే. కంపెనీ కట్టడానికి తీసుకున్న భూముల్లో మా ఎకరంన్నర చెలక కూడా పోయింది. భూమి పోయిన ఇంటికొక ఉద్యోగం అన్నారు. మా నాయిన అప్పుడే గేటు దగ్గర వాచ్‌మన్‌గానో, బాయిలర్ దగ్గర హెల్పర్‌గానో చేరిపోవచ్చు. పక్క చెలకల వాళ్లంతా అట్లాగే చేరారు. నాయిన చేరలేదు. "మా ఇంటి నౌకరి పక్కకు పెట్టున్రి. మా బిడ్డ సదువు అయినంక తీస్కుంటం" అని కాయితం రాయించుకుని వచ్చాడు. ఆ కాయితాన్ని ట్రంకుపెట్టెలో అడుగున దాచి, తన చెలకలో లేచే గోడలకు తనే ఇటుకలు మోశాడు. నా డిగ్రీ అయ్యేదాకా, ఆరేళ్లు, కూలికి పోయాడు.

అంత చేసి, ఆ కాయితం పట్టుకుని నేను జి.ఎం. సార్ ముందు నిలబడితే, ఆయన నా సర్టిఫికెట్లన్నీ ఓపికగా చూశాడు. "ల్యాబులో ఇప్పుడు ఖాళీ లేదమ్మాయ్. వచ్చే నెల చూద్దాం. అందాకా టపా చూస్తూ ఉండు" అన్నాడు.

అందాకా! ఆ మాటకు అంత పొడుగుంటుందని నాకేం తెలుసు?

తప్పు నాదే అనుకోండి. చేరిన వారంలోనే సార్ ఒక కవరు పట్టుకుని దిగులుగా వచ్చాడు. అటెండర్ బ్లేడుతో గీకి తీసిన స్టాంపులు చూపించాడు. వెనక కాగితం లేచిపోయి, అంచు పళ్లు విరిగి, కుక్క నమిలినట్టున్నాయి. పెద్ద సార్ మెప్పు పొందాలని ఎవరికుండదు? నేను ఎగిరి గంతేసి "నేను తీస్త సార్" అన్నాను. గోరువెచ్చని నీళ్లలో మూలను బొమ్మ పైకుండేలా వదిలాను. స్టాంపును లాగకూడదు, అదే వదలాలి. జిగురు నానితే కాగితం మెల్లగా కిందికి జారుతుంది. అప్పుడు చిమటాతో, అదే చిన్న పట్టకారుతో పట్టి, పాత పేపరు మీద బోర్లా పరిచి, చెమ్మ పోయాక లావు పుస్తకంలో పెట్టి బరువు వేస్తే చాలు. రెండు రోజులకు కొత్త నోటులా వస్తుంది. ఎర్ర కవర్లు, ముదురు రంగు కవర్లు అయితే వేరే నీళ్లు పెట్టాలి, లేకపోతే ఆ రంగు దిగి స్టాంపుకు అంటుతుంది. ఇవన్నీ నాకెవరూ చెప్పలేదు. చదివిన చదువు తెలివి కాస్త, చేతి ఓపిక కాస్త. నా ఖర్మ కాలి, చాలా బాగా తీశాను.

సార్ ఆ స్టాంపును దీపం దగ్గర తిప్పి తిప్పి చూసి "అద్భుతం" అన్నాడు. ఆ రోజు ఇంటికి పోయేదాకా నా కాళ్లు నేల మీద లేవు. తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాత నీళ్ల గొడవ వచ్చింది. మొదట్లో కంపెనీ బోరు నీళ్లే వాడాను. చూడ్డానికి తేటగానే ఉండేవి. ఆరాక మాత్రం స్టాంపు తెల్లంచు మీద పసుపు చార పడేది, కాగితం అప్పడంలా బిరుసెక్కేది. ఊరి బోర్ల సంగతీ అంతే. మా ఇంట్లో అన్నం వండితే ఆ పసుపే, అందరం తింటూనే ఉన్నాం, ఎవరికి చెప్పుకున్నా వినేవాడు లేడు. స్టాంపు అంచు పసుపెక్కిందని తెలిసిన గంటలో మాత్రం సార్ చీటీ రాసిచ్చాడు, ల్యాబు నుంచి రోజూ రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ నాకు ఇవ్వమని. మనుషులకు బోరు నీళ్లు, స్టాంపులకు డిస్టిల్డ్ వాటర్. ఒళ్లు మండిపోయింది. మండితే ఏం, సీసా పట్టుకుని పోయాను.

ల్యాబులో నేను అడుగుపెట్టింది అట్లాగ. ఏ బల్లల దగ్గర పనిచేయాలని మా నాయిన ఇటుకలు మోశాడో, ఆ బల్లల మధ్య నుంచి ఖాళీ సీసాతో పోయి నిండు సీసాతో వచ్చేదాన్ని. ల్యాబు ఇన్‌చార్జి సంగారెడ్డి మనిషి. పెద్ద నోరు, మంచి మనసు.

"ఏం చెల్లె, ఇయ్యాల్ల ఏ దేశపోళ్లకు తానం?" అని నవ్వేవాడు.

"మీరు గూడ నవ్వున్రి సార్. మీ పక్కన బల్ల ఖాళీగుంది, నేనేమో సీసలు మోస్తున్న."

ఆయన మొహం చిన్నబోయేది. "ఖాళీ ఉందని రెండుసార్లు రాసిచ్చిన చెల్లె. జి.ఎం. సార్ టేబుల్ కాడనే ఆగింది."

అప్పుడు తెలిసింది నాకు. ఖాళీ ఉంది. లేనిదల్లా నన్ను వదిలే ఉద్దేశం.

మూడు నెలలకోసారి పోయి జి.ఎం. సార్‌ను అడిగేదాన్ని. "నీ చెయ్యి చాలా సున్నితం అమ్మాయ్. ల్యాబులో టెస్టులు ఎవరైనా చేస్తారు. ఈ పని అందరికీ రాదు" అనేవాడు. తిట్టినా బాగుండు, తిరిగి ఒక మాట అనొచ్చు. పొగిడేవాడితో ఎట్లా పోట్లాడతాం? ఒకసారి కావాలనే ఒక స్టాంపు పాడుచేశాను. అంచు పళ్లు నాలుగు విరిచి, తెలియనట్టు మిగతావాటిలో కలిపి పెట్టాను. ఇక చూడు, రేపో మాపో నన్నూ గోడౌన్‌కు తోలతాడు, గోడౌన్ అయినా నయమే అనుకున్నాను. సార్ వచ్చి నా బల్ల చుట్టూ చూశాడు. "పాపం, నీకు వెలుతురు చాలడం లేదమ్మాయ్" అన్నాడు. సాయంత్రానికల్లా నా నెత్తి మీద కొత్త ట్యూబ్‌లైటు వెలిగింది.

కంపెనీ బస్సులో ప్యాకింగ్ ఆడవాళ్లు నాకు 'టికెట్లక్క' అని పేరు పెట్టారు. మా వైపు స్టాంపును టికెట్ అంటారు లెండి. "టికెట్లక్కా, జెర జరుగు" అనేవాళ్లు. నవ్వుతూ జరిగేదాన్ని. లోపల ఏడుపే.

ఇంట్లో ఇంకో తంటా. సార్ తన పాత కవర్ల కట్టలు కూడా ఇచ్చి ఇంటికి పంపడం మొదలుపెట్టాడు, ఆదివారం తీరికగా చేయమని. నాయిన ఆ కట్టలను అరుగు మీద పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లకు చూపించేవాడు. "జి.ఎం. సారు సొంత పని. ఇంకెవల్లకు ఇయ్యడు, మా బిడ్డకే ఇస్తడు."

"అది పని కాదు నాయినా!" అని ఒకసారి అరిచాను. "నేను సదివింది గిందుకు కాదు. ఆ సీటు ఇడిసిపెడత."

నాయిన చేతిలో బ్రెజిల్ స్టాంపు ఉంది. దాన్ని మెల్లగా పేపరు మీద పెట్టాడు. "ఇడిసిపెడితే ఇంకోటి ఇయ్యరు బిడ్డా. కాయితంల ఒకటే అని రాసిన్రు." అంతే అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. ఎకరంన్నర చెలక పోయి, ఆరేళ్ల కూలి పోయి, వాటికి బదులుగా మా ఇంట్లో మిగిలింది నా సీటొక్కటే. దాన్ని కాలదన్నే హక్కు నాకుందా? లేదనే అనుకున్నాను. ఆ తర్వాత నాయిన ముందు ఆ మాట ఎత్తలేదు.

మూడో ఏడు ఎండాకాలంలో సీసా నింపుకోను పోతే, ఇన్‌చార్జి సార్ ఒక పేపరు ముక్క నా చేతిలో పెట్టాడు. జిల్లాలో నీళ్లు పరీక్ష చేసే సర్కారు ల్యాబులో అసిస్టెంటు పోస్టు. రాత పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ.

"సప్పుడు చెయ్యకుండ రాయి చెల్లె. ఇక్కడ ఎవలకు చెప్పకు. నువ్వు రాస్తే వస్తది."

ఆ కాగితం అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. సర్కారు నౌకరి వస్తే నాయిన నోరెత్తడు సరికదా, ఊరంతా తిరిగి చెప్పుకుంటాడు. ఎకరంన్నర వృథా పోలేదని ఆయనకూ ఉంటుంది, నాకూ ఉంటుంది. మూడేళ్లలో మొదటిసారి, గది తలుపు ఎటువైపు ఉందో కనపడినట్టయింది.

పరీక్ష సంగారెడ్డిలో. సెలవు కావాలి. జి.ఎం. సార్‌కు ఏం చెప్పను? ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కుంది, పోవాలి అన్నాను. దేవత పేరు చెబితే కాదనలేడని నా తెలివి. కాదనలేదు కూడా. "తప్పకుండా వెళ్లిరా అమ్మాయ్. నాక్కూడా ప్రసాదం తెచ్చిపెట్టు" అన్నాడు. ఏం చేస్తాం! పరీక్ష రాసి బయటికొచ్చి, సంగారెడ్డి బస్టాండు దగ్గర కొబ్బరికాయ కొని, అక్కడే రాయి మీద కొట్టి, చిప్పల్లో కాస్త కుంకుమ చల్లి పట్టుకొచ్చాను. సార్ చెప్పులు విడిచి, రెండు చేతులా తీసుకుని, కళ్లకద్దుకుని తిన్నాడు. అమ్మా దుర్గమ్మా, తప్పయింది, నౌకరి వస్తే నిజంగానే వచ్చి కొడతాను అని లోపల లెంపలేసుకున్నాను.

దరఖాస్తులో కంపెనీ అడ్రసు ఇచ్చాను. ఇక్కడే నా తెలివి ఇంకాస్త చూడండి. మా ఊరికి పోస్ట్‌మన్ వారానికోసారి వచ్చేవాడు. ఊరి ఉత్తరాలన్నీ చాయ్ హోటల్లో ఇచ్చిపోతే, చూసినవాళ్లు చూసేవాళ్లు, చూడనివి డబ్బాల వెనక పడి ఉండేవి. కంపెనీకైతే టపా రోజూ వస్తుంది. పైగా ఆ సంచీ విప్పేది ఎవరు? నేను. నా ఉత్తరం నా చేతికే వస్తుంది, మధ్యలో ఎవరి కంటా పడదు. ఇంతకంటే భద్రం ఇంకేం ఉంటుందనుకున్నాను.

రెండు నెలలు రోజూ సంచీ కోసం గేటు వైపు చూశాను. మొదట్లో ఒక్కో కవరూ ఎత్తి పేరు చదివేదాన్ని. రోజులు గడిచేకొద్దీ ఆశ సన్నగిల్లింది. పరీక్ష పోయినట్టే అనుకున్నాను. చేయి మళ్లీ పాత పద్ధతిలో పడిపోయింది. మూడేళ్ల అలవాటు, కవర్లు పరిచానంటే కుడివైపు పై మూల తప్ప నా కంటికి ఇంకేమీ ఆనేది కాదు.

ఆ రోజు సంచీ నిండా ఉంది. పండక్కు రెండు రోజులు పోస్టాఫీసు మూసి, ఆగిన టపా అంతా ఒక్కసారి వచ్చింది. నలభై కవర్లు పైనే. కవర్లు పరిచాను, కత్తెర తీశాను, చకచకా మూలలు కోసి నీళ్లు పోసిన బేసిన్లో వేశాను. తర్వాత ఒక్కొక్కటే విప్పుతూ పోతుంటే, కింది నుంచి మూడోదో నాలుగోదో, బూడిద రంగు సర్కారు కవరు. దాని మీద నా పేరు. మూల లేదు.

మూల సంగతి నాకప్పుడు తట్టనే లేదు. ఉత్తరం తీశాను. రాత పరీక్షలో పాసయ్యాను. ఇంటర్వ్యూకు రమ్మన్నారు. వాళ్లు రమ్మన్న రోజు మొన్ననే అయిపోయింది.

బాత్‌రూంలోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. మొహం కడుక్కుని వచ్చి సీట్లో కూర్చుని, అలవాటు ప్రకారం ఆ ఉత్తరాన్నీ రిజిస్టర్లో ఎక్కించాను. బేసిన్లో స్టాంపులు నాని ఉన్నాయి. సార్ సాయంత్రం అడుగుతాడు కదా. చిమటా తీసుకున్నాను. ఒక్కొక్కటే తీసి పేపరు మీద పరిచాను. తడి కాగితం ముక్కలన్నీ పిండి, ముద్ద చేసి చెత్తబుట్టలో వేశాను. ఊడ్చేటామె వచ్చి బుట్ట ఎత్తుకుని బాయిలర్ వైపు పోయింది. ఏడుస్తూ ఏడుస్తూ కూడా పనిలో ఒక్క పొరపాటు చేయలేదు నేను.

మర్నాడు సీసా నింపుకోను పోయి ఇన్‌చార్జి సార్‌కు ఉత్తరం చూపించాను. ఆయన తలుపు వేసి, ఆ ఆఫీసులో తెలిసినాయనకు ఫోన్ చేశాడు. మాట్లాడుతుండగానే మొహం విప్పారింది. ఫోన్ పెట్టి నా వైపు తిరిగాడు.

"పరేషాన్ గాకు చెల్లె! నీకొక్కదానికే కాదట, శానమందికి లేటుగనే అందినయట. శనివారం మల్లోసారి పిలుస్తున్నరు. కవరు తీస్కపోయి చూపెడితె చాలు. పోస్టాఫీసు ముద్రల తారీఖు ఉంటది గద, లేటుగొచ్చినట్టు దాంతోని తెలుస్తది. కవరు ఉందా?"

"ఉంది సార్" అన్నాను. నా చేతిసంచీలోంచి తీశాను. తీసి, ఇద్దరం దాని వైపు చూస్తూ నిలబడ్డాం.

పంపిన పోస్టాఫీసు ముద్ర స్టాంపు మీద కొడతారు. చేరిన పోస్టాఫీసు ముద్ర కవరు వెనక కొడతారు. వెనక ఎక్కడైనా కొట్టొచ్చు. మధ్యలో కొట్టొచ్చు, కింద కొట్టొచ్చు. మా పోస్టాఫీసాయన సరిగ్గా ఆ మూల వెనకే కొట్టినట్టున్నాడు, కోత అంచున నల్లటి గీత వంకరగా వెంట్రుకంత మిగిలి ఉంది. మిగతాదంతా బాయిలర్లో పోయింది. నేనే పిండాను, నేనే ముద్ద చేశాను.

నా సీటు దగ్గరికి పరిగెత్తాను. పుస్తకంలో పెట్టిన స్టాంపుల్లో వెతికి ఆ సర్కారు స్టాంపు పట్టుకున్నాను. దాని మీద గుండ్రటి ముద్రలో పావు వంతు ఉంది. ఊరి పేరులో మూడక్షరాలు. తారీఖు లేదు.

ఇన్‌చార్జి సార్ తల గోక్కున్నాడు. "ఒకటే దారి చెల్లె. నీ రిజిస్టర్ల నిన్నటి తారీఖు ఉంది. కంపెనీ లెటర్‌హెడ్ మీద, గీ ఉత్తరం నిన్ననే వచ్చింది, మా ఆఫీసుల కవర్ల మూలలు కత్తిరిస్తరు అని రాసిస్తె ఒప్పుకుంటరు. కని సంతకం జి.ఎం. సార్‌ది గావాలె."

పోక తప్పలేదు. రిజిస్టరు, కవరు, స్టాంపు పట్టుకుని క్యాబిన్లోకి పోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. మొక్కు అబద్ధమని కూడా చెప్పాను.

సార్ కేకలేయలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిన్ను సొంత మనిషిలా చూశానమ్మాయ్. అమ్మవారి ప్రసాదమని కళ్లకద్దుకుని తిన్నాను."

"తప్పయింది సార్. మీ కాళ్లు మొక్కుత. ఒక్క లెటర్ ఇయ్యున్రి. శనివారమే లాస్ట్."

"ఇవ్వకూడదని కాదు. ఏమని రాయను? ఆఫీసు ఉత్తరాల స్టాంపులు నేను కత్తిరించి తీసుకుంటున్నానని లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టమంటావా? రేపు అది హెడ్డాఫీసు దాకా వెళితే నా పరువేం కావాలి?"

"స్టాంపుల సంగతి రాయకున్రి సార్. నిన్న వచ్చిందని తారీఖొక్కటి రాయున్రి."

"మూల ఎందుకు లేదని అడుగుతారు కదా."

"నేనే కత్తిరించిన, నా తప్పే అని రాయున్రి సార్! అట్లనే రాయున్రి!" నా గొంతు లేచిపోయింది. ఆ క్యాబిన్లో అంత గట్టిగా మాట్లాడింది బహుశా నేనే.

"అది అబద్ధమవుతుంది కదమ్మాయ్" అన్నాడు మెత్తగా. "నువ్వేం దిగులు పడకు. వచ్చే నెల ల్యాబు సంగతి నేనే చూస్తాను."

వచ్చే నెల! ఇక ఆగలేకపోయాను. చేతిలో ఉన్న స్టాంపును తీసి ఆయన బల్ల మీద పెట్టాను. "గీ ఒక్క టికెట్ కోసం నా బతుకు పోతున్నది సార్. జెర చూడున్రి."

సార్ చూశాడు. నిజంగానే చూశాడు. అలవాటుగా సొరుగులోంచి భూతద్దం తీసి, స్టాంపు మీదికి వంగి, మళ్లీ వెనక్కి వాలాడు.

"ఇది సర్వీసు స్టాంపు. గవర్నమెంటు ఆఫీసులవి. ఇవి నేను దాచను."

నాకు అర్థం కాలేదు. "రోజూ మీకు పంపుతున్న గద సార్ గివి? మూడేండ్ల సంది?"

"పంపుతావు. నేను ఇంట్లో ఏరి పారేస్తాను."

"మరి గివి కత్తిరించకు అని ఒక్క మాట చెప్తె అయిపోవు గద సార్?"

"ఏది ఉంచాలో, ఏది పారేయాలో నీకు తెలియదు కదా" అన్నాడు. "అందుకే అన్నీ కత్తిరించమన్నాను."

నోటి దాకా వచ్చిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. మా ఊరి ఆడవాళ్లు బోరు దగ్గర బిందెల కోసం కొట్టుకునేటప్పుడు తిట్టే తిట్లన్నీ వరసగా వచ్చి పళ్ల వెనక నిలబడ్డాయి. ఒక్కటన్నా అని ఉండాల్సింది. రిజిస్టరు విసిరికొట్టి ఉండాల్సింది.

సార్ చిమటాతో ఆ స్టాంపును జాగ్రత్తగా ఎత్తాడు. "బాగా తీశావు. పళ్లు ఒక్కటీ పోలేదు. నువ్వే ఉంచుకో" అని నా వైపు చాచాడు.

నా చేయి దానంతటదే ముందుకు పోయింది. ఆయన స్టాంపును అరచేతిలో పెట్టాడు.

"థాంక్యూ సార్" అన్నాను.

శనివారం నేను లేకుండానే ఇంటర్వ్యూ జరిగింది, ఆ పోస్టు ఎవరికో వచ్చింది. నేను ఆ సీట్లో ఇంకో ఆరేళ్లు ఉన్నాను. సార్ మీద కోపం ఏనాడో చల్లారింది, ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. కానీ ఆ రోజు నన్నెవరూ బలవంతం చేయలేదు. థాంక్యూ చెప్పమని ఎవరూ అడగలేదు. నా నోటితో నేనే అన్నాను.